బుర్రలో గడ్డకి స్పెక్ట్రోస్కోపీ: పెట్టె ఎక్కడ పెట్టాలో కంప్యూటరు చెబితే? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను విజయనగరంలో ఎంఆర్‌ఐ టెక్నీషియన్‌ని. సాలూరు, పాలకొండ, టెక్కలి వైపు నుంచి వచ్చిన వాళ్లు స్కాన్ గది బయట నన్ను అడిగే ప్రశ్నలు కొన్ని, కొత్తగా ఈ పనిలో చేరిన పిల్లలు అడిగేవి కొన్ని, రెండూ కలిపి రాశాను. జబ్బు గురించి తుది మాట ఎప్పుడూ మీ డాక్టరు గారిదే. స్కాన్ ఎలా జరుగుతుందో, ఎక్కడ తేడా వస్తుందో మాత్రం నేను దగ్గరుండి చూసినవాణ్ని.

డాక్టరు గారు ఎంఆర్‌ఐతో పాటు స్పెక్ట్రోస్కోపీ కూడా రాశారు. అదేటండీ?

మామూలు ఎంఆర్‌ఐ బొమ్మ తీస్తుంది. గడ్డ ఎక్కడుంది, ఎంతుంది, చుట్టూ వాపు ఎంత అన్నది అందులో కనబడుతుంది. స్పెక్ట్రోస్కోపీలో బొమ్మ రాదు, ఎత్తుపల్లాలున్న ఒక గీత వస్తుంది. ఆ గీతలోని ఒక్కో శిఖరం మెదడులోని ఒక్కో పదార్థానిది. గడ్డ లోపల ఏ పదార్థం పెరిగింది, ఏది తగ్గింది అన్నది అక్కడ తెలుస్తుంది. మిషను అదే, బల్ల అదే. దీని కోసం వేరే సూది లేదు, ఎక్స్‌రే లాంటి రేడియేషన్ కూడా లేదు.

ఆ శిఖరాల్లో ఏం చూస్తారు?

ముఖ్యంగా మూడు. ఎన్‌ఏఏ అనేది ఆరోగ్యంగా ఉన్న నాడీ కణాలకు గుర్తు, గీత కింద ఉండే స్కేలు మీద 2.0 దగ్గర వస్తుంది. క్రియాటిన్ 3.0 దగ్గర, కణాల శక్తికి సంబంధించింది. కోలిన్ 3.2 దగ్గర, కణాల పొరలకు సంబంధించింది. కణాలు వేగంగా పెరిగే చోట కోలిన్ లేస్తుంది. నాడీ కణాలు పోయిన చోట ఎన్‌ఏఏ పడిపోతుంది. గ్లయోమా (మెదడులోని కణాల నుంచే పుట్టే గడ్డ) లాంటిదాంట్లో సాధారణంగా ఈ రెండూ కలిసే కనబడతాయి.

ఇవి కాక, ఆక్సిజన్ చాలని చోట లాక్టేట్ 1.3 దగ్గర జంట శిఖరంగా వస్తుంది. కణాలు చచ్చి కుళ్లిన చోట కొవ్వు శిఖరం కూడా దాదాపు అక్కడే వస్తుంది. రెండింటినీ విడదీయడానికి మేం మిషన్‌లో ఎకో టైమ్‌ని, అంటే సంకేతం అందుకునే ముందు మిషన్ ఆగే సమయాన్ని, 135 నుంచి 144 మిల్లీసెకన్ల మధ్య పెడతాం. అప్పుడు లాక్టేట్ తలకిందులవుతుంది. కొత్త పిల్లలకు మొదటిసారి ఇది చూపించినప్పుడు వాళ్ల ముఖాల్లో కనబడే ఆశ్చర్యం నాకెంతో ఇష్టం.

అందరూ ‘పెట్టె, పెట్టె’ అంటారు. ఏ పెట్టె?

ఈ పరీక్ష మొత్తం ఆ పెట్టె మీదే ఆధారపడి ఉంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

బియ్యం కొనేటప్పుడు గోనె బస్తాలో గొట్టం గుచ్చి నాలుగు గింజలు తీసి చూస్తారు కదా. ఎక్కడ గుచ్చారో అక్కడి గింజలే చేతికొస్తాయి. స్పెక్ట్రోస్కోపీ కూడా అంతే. మెదడు మొత్తం నుంచి కాకుండా, మేం గీసిన ఒక చిన్న పెట్టె లోపలి నుంచే సంకేతం తీసుకుంటుంది. ఆ పెట్టెని వాక్సెల్ అంటారు. సాధారణంగా ఒక్కో వైపు 2 సెంటీమీటర్లు ఉంటుంది, అంటే 8 మిల్లీలీటర్లు.

చిక్కెక్కడంటే గడ్డలు గుండ్రంగానో వంకరటింకరగానో ఉంటాయి, పెట్టె మాత్రం పలకలుగా ఉంటుంది. 3 సెంటీమీటర్ల వ్యాసంతో చక్కగా గుండ్రంగా ఉన్న గడ్డనే తీసుకోండి. దాని లోపల పూర్తిగా ఇమిడే అతిపెద్ద సమఘనం అంచు 1.73 సెంటీమీటర్లే. గడ్డ 14 మిల్లీలీటర్లుంటే ఆ పెట్టెలో పట్టేది 5 పైచిలుకు. మామూలుగా వాడే 2 సెంటీమీటర్ల పెట్టె పెట్టామా, ఎనిమిది మూలలూ బయటికి పొడుచుకొస్తాయి. ఆ మూలల్లో మంచి మెదడు ఉంటే దాని ఎన్‌ఏఏ వచ్చి కలుస్తుంది, గడ్డ ఉన్నదానికంటే నెమ్మదైనదిగా కనబడుతుంది. ఆ మూలల్లో పుర్రె దగ్గరి కొవ్వు ఉంటే అసలు గీతే పనికిరాకుండా పోవచ్చు.

అయితే గడ్డలో పూర్తిగా పట్టేంత చిన్న పెట్టె పెట్టేస్తే సరిపోదా?

సరిపోదు. మెదడులో నీటి సంకేతంతో పోలిస్తే ఈ పదార్థాల సంకేతం సుమారు పదివేల వంతుల్లో ఒక వంతు. నీటిని అణచిపెట్టి, మిగిలిన ఆ సన్నటి సంకేతాన్ని చాలాసార్లు తీసి కలపాలి. పెట్టె అంచు 2 నుంచి 1.5 సెంటీమీటర్లకు తగ్గిస్తే పరిమాణం 8 నుంచి 3.4 మిల్లీలీటర్లకు పడిపోతుంది, సంకేతం కూడా అంతే తగ్గుతుంది. పాత నాణ్యత మళ్లీ రావాలంటే అయిదున్నర రెట్లకు పైగా టైమ్ కావాలి. నాలుగు నిమిషాల స్కాన్ ఇరవై రెండు నిమిషాలు దాటుతుంది. తలనొప్పితో, వాంతులతో వచ్చిన మనిషిని అంతసేపు కదలకుండా పడుకోమనడం ఎలా?

కాబట్టి పెట్టె పెద్దగా ఉండాలి, గడ్డలోంచి బయటికి రాకూడదు. ఈ రెండూ ఒకదానికొకటి పడవు. ఎంత దాకా సర్దుకోవాలన్నదే అసలు ప్రశ్న.

ఇన్నాళ్లూ మీరే చేత్తో పెడుతున్నారు కదా, ఇబ్బందేంటి?

ఒక సంగతి చెబుతాను. నేను పనిలో కుదురుకున్న కొత్తలో, పార్వతీపురం అవతల ఒక ఊరి నుంచి ఒక పెద్దాయన్ని తీసుకొచ్చారు. గడ్డ తల పైభాగాన, పుర్రెకి దగ్గరగా ఉంది. ఆ రోజు బయట లైను చాలా ఉంది. నేను రెండు కోణాల్లో చూసి పెట్టె పెట్టాను, మూడో కోణం సరిగ్గా చూడలేదు. పెట్టె ఒక అంచు పుర్రె కొవ్వులోకి పోయింది. గీత నిండా కొవ్వు శిఖరమే. అది చూసి గడ్డలో కుళ్లు ఉందని అనుకునే ప్రమాదం ఉంది. రేడియాలజిస్టు గారు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. కానీ ఆ పెద్దాయన కొడుకు కూలి మానుకుని, బండి మాట్లాడుకుని నాలుగు రోజుల తర్వాత మళ్లీ తీసుకురావాల్సొచ్చింది. ఆ తప్పు నాది. ఇప్పటికీ పుర్రె పక్కన గడ్డ కనబడితే ఆయన ముఖమే గుర్తొస్తుంది.

పెట్టె పెట్టడం అంటే తొమ్మిది అంకెలు నిర్ణయించడం. మూడు అంకెలు అది ఎక్కడుండాలో, మూడు పొడవు వెడల్పు ఎత్తు, మూడు అది ఎటు ఎంత వాలాలో. మనిషి ఈ తొమ్మిదింటినీ మూడు చదును బొమ్మల మీద మౌస్‌తో జరుపుతూ కుదర్చాలి. అదే గడ్డకి ఇద్దరు టెక్నీషియన్లు రెండు చోట్ల పెడతారు. ఒకే టెక్నీషియన్ పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా పెడతాడు. చాలామంది అసలు వాలు జోలికే పోరు, నిటారుగా పెట్టి వదిలేస్తారు. కంప్యూటరుతో చేయించాలన్న ఆలోచన ఇక్కడే మొదలైంది.

కంప్యూటరుకి గడ్డ ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

ముందు మామూలు ఎంఆర్‌ఐ బొమ్మలు తీస్తాం. మనిషి బల్ల మీద ఉండగానే అవి పక్క కంప్యూటరుకి వెళ్తాయి. అక్కడ న్యూరల్ నెట్‌వర్క్ అనే ప్రోగ్రాం బొమ్మలోని ఒక్కో చుక్కా గడ్డదా కాదా అని తేల్చి, గడ్డ హద్దు గీస్తుంది. ఈ పనికి ఎక్కువగా వాడేది యూ-నెట్ అనే పద్ధతి, దాని తర్వాత వచ్చిన రూపాలు. యూ-నెట్‌ని 2015లో జర్మనీలోని ఫ్రైబర్గ్ పరిశోధకులు ప్రచురించారు. మెదడు గడ్డల హద్దులు గీయడంలో ప్రోగ్రాంలకు పోటీ పెట్టే బ్రాట్స్ అనే కార్యక్రమం 2012 నుంచి ఉంది. డాక్టర్లు చేత్తో హద్దులు గీసిన బొమ్మలు అక్కడ దొరకడం వల్లే ఈ ప్రోగ్రాంలు ఇంత బాగా నేర్చుకోగలిగాయి.

హద్దు తెలిశాక పెట్టె ఎలా కుదురుస్తుంది?

అక్కడి నుంచి అది లెక్క. ఆ తొమ్మిది అంకెల్నీ మారుస్తూ వందల వేల పెట్టెలు ఊహించి, ఒక్కోదానికి మార్కులు వేస్తుంది. పెట్టెలో గడ్డ భాగం ఎక్కువైతే మార్కులు పెరుగుతాయి. పరిమాణం పెరిగితే పెరుగుతాయి. మంచి మెదడు, మెదడు నీటి గదులు, కుళ్లిన భాగం, పుర్రె లోపలికి వస్తే తగ్గుతాయి. ఎక్కువ మార్కులొచ్చిన పెట్టె తాలూకు అంకెలు మిషన్‌కి వెళ్తాయి. 2020లో మిన్నెసోటా, పారిస్ పరిశోధకులు కలిసి మెదడు క్యాన్సర్‌కి సరిగ్గా ఈ వరసే చూపించారు. ముందు హద్దు, తర్వాత పెట్టె.

నా దృష్టిలో ఇందులో అసలు తెలివి న్యూరల్ నెట్‌వర్క్‌లో లేదు, ఆ మార్కుల పద్ధతిలో ఉంది. దేనికెన్ని మార్కులన్నది మనుషులు కూర్చుని నిర్ణయించాలి. కుళ్లిన భాగాన్ని వదిలేయాలా, కలపాలా? చుట్టూ వాపులో కూడా గడ్డ కణాలు పాకి ఉంటాయి, దాన్ని గడ్డ కింద లెక్కించాలా? సర్జన్ గారికి ఏ సమాధానం కావాలో దాన్ని బట్టి మార్కులు మారతాయి. ఇదివరకు ఈ నిర్ణయం టెక్నీషియన్ తలలో ఉండేది, ఎక్కడా రాసి ఉండేది కాదు. ఇప్పుడు కాగితం మీద పెట్టక తప్పదు. అది మంచిదే.

టెక్నీషియన్లు అడిగేది: పెట్టె అంచు సరిగ్గా పుర్రె దాకా పెట్టొచ్చా?

వద్దు. మిషన్ మనం గీసిన చోటి నుంచే అన్ని పదార్థాలనూ తీసుకోదు. ఒక్కో పదార్థం పలికే ఫ్రీక్వెన్సీ వేరు కాబట్టి ఒక్కోదానికి పెట్టె కొంచెం పక్కకి జరుగుతుంది. తెర మీద కోలిన్‌కి ఉన్న పెట్టె, కొవ్వు దగ్గరికొచ్చేసరికి కొన్ని మిల్లీమీటర్లు పుర్రె వైపు పోయి ఉండొచ్చు. టెస్లా అంటే మిషన్ అయస్కాంతం బలానికి కొలత; 3 టెస్లాలో ఈ జరుగుడు 1.5 టెస్లా కంటే ఎక్కువ. మంచి ప్రోగ్రాం ఈ జరుగుడుని కూడా లెక్కలో పెట్టుకుంటుంది. మీ దగ్గరున్నది అలా చేయకపోతే పుర్రె వైపు మీరే కాస్త ఖాళీ వదిలి, శాట్ బ్యాండ్లు (ఆ చోటి సంకేతాన్ని అణిచే పట్టీలు) వేయండి.

పెట్టె కుదిరాక షిమ్మింగ్, అంటే పెట్టె లోపల అయస్కాంత క్షేత్రాన్ని సమం చేయడం, మరిచిపోకండి. బొబ్బిలి వీణ ఎంత మంచి పనస కర్రతో చేసినా శ్రుతి చేయకుండా మీటితే ఏం లాభం? అయస్కాంత క్షేత్రం పెట్టె లోపల సమంగా లేకపోతే కోలిన్, క్రియాటిన్ శిఖరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ముక్కు వెనక గాలి గదుల దగ్గర, రక్తం కారిన గడ్డల్లో ఇది మరీ కష్టం. పెట్టె చోటు మార్చాల్సి రావచ్చు.

కంప్యూటరు తప్పు చేయదా?

చేస్తుంది. మన దగ్గర ముఖ్యంగా ఎక్కడ చేసే అవకాశం ఉందో చెబుతాను.

ఇలాంటి ప్రోగ్రాంలు ఎక్కువగా గ్లయోమా బొమ్మలు చూసి నేర్చుకున్నవి. మన దగ్గర ఫిట్స్‌తో వచ్చిన మనిషి బొమ్మలో ఉంగరంలా మెరిసే మచ్చ కనబడితే అది గ్లయోమాయే కానక్కర్లేదు. టీబీ గడ్డ కావచ్చు, బద్దెపురుగు గుడ్ల వల్ల మెదడులో ఏర్పడే సిస్టిసర్కోసిస్ కావచ్చు, చీము గడ్డ కావచ్చు. గ్లయోమాలే చూసిన ప్రోగ్రాం వీటి చుట్టూ కూడా ధైర్యంగా హద్దు గీసి, పెట్టె పెట్టేస్తుంది. అది చూసి ఇంట్లోవాళ్లు ‘కంప్యూటరు క్యాన్సర్ అని చెప్పింది’ అని కంగారు పడకూడదు. అది చెప్పింది పెట్టె చోటు మాత్రమే, జబ్బు పేరు కాదు.

పెట్టె సరైన చోట పడితే ఇలాంటి మచ్చల్లో కూడా స్పెక్ట్రోస్కోపీ పనికొస్తుంది. టీబీ గడ్డలో సాధారణంగా కొవ్వు శిఖరం పెద్దగా కనబడుతుంది. చీము గడ్డలో ఎసిటేట్, సక్సినేట్, అమైనో ఆమ్లాల శిఖరాలు రావచ్చు, మామూలుగా గ్లయోమాలో ఇవి ఉండవు. కానీ ఈ మచ్చలు చాలా వరకు చిన్నవి, ఒక సెంటీమీటరు కూడా ఉండవు. అంత చిన్నదానికి పెట్టె సరిపోదు. అలాంటప్పుడు ‘ఇక్కడ స్పెక్ట్రోస్కోపీ కుదరదు’ అని చెప్పగలిగే ప్రోగ్రాం కావాలి. ఏదో ఒక పెట్టె చూపించేదాని కంటే అది నయం.

అందుకే బటన్ నొక్కే ముందు ఒక మనిషి మూడు కోణాల్లోనూ ఆ పెట్టెని చూసి తీరాలి. ఆ అర నిమిషం ఎవరూ మానకూడదు. మన ప్రాంతపు స్కాన్‌ల మీద పరీక్షించకుండా ఏ ప్రోగ్రాంనీ నమ్మకూడదని నా గట్టి అభిప్రాయం.

మాది ఉద్దానం. నాన్నకి కిడ్నీ జబ్బుంది. కాంట్రాస్ట్ ఇంజెక్షన్ లేకుండా కుదురుతుందా?

కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల నుంచి వచ్చేవాళ్లు ఈ మాట అడిగితే నేను పని ఆపి మరీ జవాబు చెబుతాను. స్పెక్ట్రోస్కోపీకి ఇంజెక్షన్ అక్కర్లేదు. కానీ గడ్డ హద్దు గీయడానికి చాలా ప్రోగ్రాంలు గడోలినియం అనే కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇచ్చి తీసిన బొమ్మను కూడా కోరతాయి. కిడ్నీ పనితీరు, అంటే ఈజీఎఫ్‌ఆర్, 30 కంటే తక్కువగా ఉన్నవాళ్లకి పాత రకం గడోలినియం మందుల వల్ల చర్మం, కండరాలు బిగుసుకుపోయే అరుదైన జబ్బు వచ్చే ముప్పుంది. కొత్త రకం మందుల్లో ఆ ముప్పు చాలా తక్కువ. అయినా ఇవ్వాలా వద్దా అన్నది డాక్టర్లు చూసి చెప్పాలి.

ఇంజెక్షన్ వద్దనుకుంటే ఫ్లెయిర్ అనే బొమ్మ ఒక్కదానితో హద్దు గీసే ప్రోగ్రాంలు కూడా ఉన్నాయి. ఫ్లెయిర్‌లో గడ్డ, వాపు కలిసిపోయి కనబడతాయి కాబట్టి హద్దు కాస్త లావుగా వస్తుంది. అప్పుడు పెట్టెని మనిషి మరింత జాగ్రత్తగా చూడాలి. ఉద్దానం జనాన్ని దృష్టిలో పెట్టుకుని, ఇంజెక్షన్ లేని బొమ్మలతో బాగా పనిచేసేలా ఇలాంటి ప్రోగ్రాం తయారవ్వాలని నా కోరిక. మీరు వచ్చేటప్పుడు తాజా క్రియాటినిన్ (కిడ్నీకి చేసే రక్త పరీక్ష) రిపోర్టు తెచ్చుకోండి, స్కాన్ మొదలవ్వకముందే చూపించండి.

ఇది చేయించుకుంటే బయాప్సీ తప్పుతుందా?

తప్పదు. గడ్డ పేరు ఖాయంగా చెప్పాలంటే ఇప్పటికీ ముక్క తీసి చూడాల్సిందే. ఎక్కడ ముక్క తీస్తే మంచిదో, ఎంత తొందరపడాలో ఆలోచించడానికి స్పెక్ట్రోస్కోపీ సర్జన్ గారికి సాయపడుతుంది.

ఒక్క చోట మాత్రం ఇది చాలా దూరం వెళ్లింది. కొన్ని గ్లయోమాల్లో ఐడీహెచ్ అనే జన్యువులో మార్పు ఉంటుంది. ఆ మార్పు ఉన్న కణాలు 2-హైడ్రాక్సీగ్లూటరేట్ అనే పదార్థాన్ని పోగు చేస్తాయని 2009లో తేలింది. మంచి మెదడులో అది దాదాపు ఉండదు. 2.25 దగ్గర దాని శిఖరాన్ని పట్టుకోగలిగితే జన్యువు మార్పుని కత్తి పెట్టకుండానే ఊహించవచ్చు. 2021 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఈ ఐడీహెచ్ మార్పు చాలా ముఖ్యం. అది ఉన్న గడ్డ నెమ్మదిగా నడుస్తుంది, దానికి తగ్గ మందు కూడా వచ్చింది. వోరాసిడెనిబ్ అనే ఆ మందుకి 2024లో అమెరికాలో అనుమతి దొరికింది. కానీ ఈ శిఖరం చాలా చిన్నది, పక్క శిఖరాల కింద దాక్కుంటుంది. పెట్టెలో సగం మంచి మెదడు ఉంటే అది కనబడదు, లేదనుకుంటాం. పెట్టె చోటు అంత ముఖ్యమని నేను పదేపదే చెప్పేది ఇందుకే.

ఆపరేషన్, రేడియేషన్ అయ్యాక మళ్లీ స్పెక్ట్రోస్కోపీ రాశారు. ఎందుకు?

రేడియేషన్ అయ్యాక అదే చోట మళ్లీ మెరుపు కనబడితే అది తిరగబెట్టిన గడ్డా, రేడియేషన్ వల్ల చచ్చిన కణాలా అన్నది బొమ్మలో తేలడం కష్టం. కోలిన్ లేస్తే గడ్డ వైపు, అన్నీ పడిపోయి కొవ్వు, లాక్టేట్ మిగిలితే చచ్చిన కణాల వైపు మొగ్గుతారు. రెండూ కలిసే ఉన్న సందర్భాలూ ఎక్కువే.

పోల్చాలంటే పెట్టె మళ్లీ అక్కడే పడాలి. మనిషి రెండోసారి తల సరిగ్గా అదే వాలులో పెట్టడు. కంప్యూటరు పాత స్కాన్‌నీ కొత్త స్కాన్‌నీ ఒకదాని మీద ఒకటి సర్ది, పాత పెట్టెని కొత్త తలలో అదే చోట పెట్టగలదు. చేత్తో ఇది కుదర్చడం నాకు ఎప్పుడూ తృప్తినివ్వలేదు. కాకపోతే ఆపరేషన్‌లో గడ్డ తీసేశాక మెదడు సర్దుకుని పక్కకి జరుగుతుంది, గుంటలో నీరు చేరుతుంది. అప్పుడు పాత చోటే సరైన చోటు అనుకోకూడదు.

పెట్ స్కాన్ ఉంది కదా, అది చాలదా?

మామూలుగా చేసే ఎఫ్‌డీజీ పెట్‌లో గ్లూకోజ్ వాడకం చూస్తారు. మెదడు తనంతట తానే గ్లూకోజ్ బాగా వాడుతుంది కాబట్టి గడ్డ అందులో కలిసిపోవచ్చు. పైగా అందులో రేడియోధార్మిక ఇంజెక్షన్ ఉంటుంది. రెండింటి పనీ వేరు.

నొప్పి ఉంటుందా? ఎంతసేపు?

నొప్పి లేదు. మిషన్ చప్పుడు ఎక్కువ, చెవులకి దూది లాంటివి పెడతాం. స్పెక్ట్రోస్కోపీకి మామూలు స్కాన్ మీద మరో అయిదు పది నిమిషాలు పడుతుంది. తల కదిపితే పెట్టె గడ్డలోంచి జరిగిపోయినట్టే, కాబట్టి ఆ కాసేపు దగ్గు వస్తున్నా ముందే చెప్పండి, ఆపి మొదలుపెడతాం.

ఇక్కడే అవుతుందా, విశాఖ పెద్దాసుపత్రికి వెళ్లాలా?

వెళ్లబోయే చోట ఫోన్ చేసి మూడు మాటలు అడగండి. మిషన్ 1.5 టెస్లానా, 3 టెస్లానా? స్పెక్ట్రోస్కోపీ చేస్తారా? పెట్టె ఎవరు పెడతారు? 1.5 టెస్లాలో కూడా కోలిన్, ఎన్‌ఏఏ చక్కగా వస్తాయి. ఐడీహెచ్ మార్పుని చూపే ఆ చిన్న శిఖరం కోసమైతే 3 టెస్లా మేలు. ఖర్చు సంగతి ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటర్లో ముందే కనుక్కోండి.

శ్రీకాకుళం నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైమాట. ఇచ్ఛాపురం వాళ్లకి అంతకు రెట్టింపు. ఫిట్స్ వచ్చే మనిషిని అంత దూరం తిప్పడం ఎంత టెన్షనో ఇంట్లోవాళ్లకే తెలుసు. పెట్టె పెట్టడంలో చెయ్యి తిరిగినవాళ్లు పెద్ద ఊళ్లలోనే ఉండటం వల్ల, మిషన్ ఉన్నా చాలా చోట్ల స్పెక్ట్రోస్కోపీ బటన్ జోలికి పోరు. కంప్యూటరు ఆ ఒక్క పని సరిగ్గా చేస్తే ఇక్కడి మిషన్‌లోనే అది జరిగి, గీత మాత్రం దూరాన ఉన్న నిపుణుడి దగ్గరికి వెళ్తుంది. మనిషి ప్రయాణం తప్పుతుంది.

మా బొమ్మలు బయటికి పోతాయా?

ప్రోగ్రాం ఆసుపత్రిలోని కంప్యూటర్లోనే నడిస్తే పోవు. ఇంటర్నెట్ మీద నడిచేదైతే పేరు, నంబరు తీసేసి పంపాలి. తల స్కాన్ నుంచి ముఖం రూపాన్ని తిరిగి తయారు చేయవచ్చు, కాబట్టి పేరు తీస్తే చాలదు, ముఖం భాగం కూడా చెరిపేయాలి. అడగడం మీ హక్కు.

రిపోర్టు చేతికొచ్చాక ఏం చూసుకోవాలి?

గీత ఉన్న పేజీలో పెట్టె ఎక్కడ పెట్టారో చూపించే బొమ్మ ఉందో లేదో చూడండి. లేకపోతే అడిగి తీసుకోండి. అది లేని స్పెక్ట్రోస్కోపీ రిపోర్టుని ఇంకో డాక్టరు సరిగ్గా చదవలేరు.

మళ్లీ స్కాన్‌కి వచ్చేటప్పుడు ఏం తేవాలి?

పాత స్కాన్ సీడీ. ఫిల్ములు చాలవు, ఫిల్ముని ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టింది అసలు పనికిరాదు. పాత పెట్టెని అదే చోట పెట్టాలంటే కంప్యూటరుకి అసలు ఫైళ్లు కావాలి. సీడీ గీతలు పడి చదవకపోతే మొదట స్కాన్ తీసిన చోటికి వెళ్లి ఇంకోటి రాయించుకోండి. ఆపరేషన్ అయి ఉంటే తలలో క్లిప్పులు, ప్లేట్లు ఏం పెట్టారో రాసిన డిశ్చార్జ్ కాగితం, కిడ్నీ రిపోర్టు కూడా ఆ సంచిలోనే పెట్టుకోండి.